జమ్ము మొవ్వలో పురుగు: ఒక చెరువు ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఈ వానాకాలం మొత్తం ఒకే పనికి కేటాయించాను. మా ఇంటి దగ్గరి చెరువులో జమ్మును, అంటే తడినేలల్లో పెరిగే పొడుగాటి ఆకుల మొక్కను, లోపల్నుంచి తొలిచి తినే పురుగేదో కనుక్కోవాలి. దాన్ని లద్దె (రెక్కలు రాని, పాకే పురుగు) దశలో పట్టుకుని, రెక్కలొచ్చేదాకా ఇంట్లో పెంచి, చివరికి తెచ్చినచోటే వదలాలి. మధ్యలో కనబడినదంతా ఇక్కడ రాసిపెడతాను.

మేముండేది ఉత్తర బెంగళూరు. ఇక్కడి చెరువులు చాలావరకు సాగునీటి కోసం కట్ట వేసి నిలిపినవి. ఒకటి నిండితే మిగులు నీళ్ళు రాజకాలువ గుండా కింది చెరువుకు పోయేవి. ఇప్పుడు పొలాలు పోయాయి, కాలువల్లో వాననీళ్ళతో పాటు ఇళ్ళ మురుగూ కలుస్తోంది. మురుగులోని నత్రజని, భాస్వరం జమ్ముకు మంచి ఎరువు. అందుకే నీళ్ళు లోపలికొచ్చే మూలన అది మనిషెత్తు దాటి పెరుగుతుంది. ఆ గుణాన్నే పనికొచ్చేలా వాడుకున్న చోటు కూడా మాకు దగ్గర్లోనే ఉంది. జక్కూరు చెరువు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళను ముందు జమ్ము లాంటి మొక్కలున్న తడినేల గుండా పారించి, ఆ తర్వాతే చెరువులోకి వదులుతారు.

చెరువుకు వచ్చేవాళ్ళలో కెమెరాలు ఉన్నవాళ్ళు జమ్ము మీద వాలిన పిట్టను చూస్తారు. మిగతావాళ్ళకు జమ్మంటే కలుపు. దాని లోపల ఎవరు కాపురముంటున్నారో చూద్దామనే ఆలోచన నాకు ఇంగ్లండ్ పురుగొకదాని గురించి చదివాక వచ్చింది. దాన్ని అక్కడ బుల్‌రష్ వెయిన్‌స్కాట్ అంటారు, శాస్త్రీయ నామం నోనాగ్రియా టైఫే. అది జమ్ము మీదే బతుకుతుంది. చలికాలమంతా గుడ్డుగానే గడుపుతుంది, ఎండలు వచ్చాక లద్దె కాండంలోకి దూరుతుంది, తిండి సరిపోకపోతే ఇంకో కాండానికి మారుతుంది, చివరికి కాండం లోపలే తలకిందులుగా ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. ఏడాదికి ఒకే తరం. బెంగళూరులో ఆ చలీ లేదు, ఆ పురుగూ లేదు. కానీ జమ్ము ఉంది. ఇంత మెత్తటి మొవ్వను, ఇంత భద్రమైన గదిని ఇక్కడి పురుగులు ఖాళీగా వదిలేసి ఉంటాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఒక నియమం మొదటే పెట్టుకున్నాను. నీళ్ళలోకి దిగను, నిలబడి ఉన్న జమ్మును నరకను. కోసి ఒడ్డున పడేసిన కుప్పల్లోంచే తీసుకుంటాను. అదైనా చెరువు చూసుకునే సూపర్‌వైజర్ గారిని అడిగి, ఆయన సరేనన్నాకే.

జూన్, రెండో వారం

వానలు గట్టిపడక ముందే నీళ్ళొచ్చే దారి ఖాళీ చెయ్యాలని కోత మొదలుపెట్టారు. కూలీల్లో చాలామంది హిందూపురం వైపువాళ్ళు. పొద్దున్నే వెళ్ళి కుప్ప పక్కన కూర్చుని ఒక్కో మొక్కా తిరగేస్తుంటే, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దామె వచ్చి నిలబడింది.

"ఏంటికి పాపా నీకీ కసువు?"

"దీని లోపల పురుగులుంటాయి అక్కా. అవేంటో చూద్దామని."

"ఉండవా మరి! మా రాగి చేన్లో కూడా ఉంటాయి. నడిమి ఆకు ఎండిపోతాది. పట్టి గుంజితే వట్టి ఊస చేతికొస్తాది."

నాకు కావలసిన గుర్తు అదే. మొక్క మొత్తం పచ్చగా ఉండి నడిమి ఆకు ఒక్కటే పసుపుబారి ఎండితే లోపల ఎవరో మొవ్వ కొరికేశారని అర్థం. వ్యవసాయ శాఖవాళ్ళు వరిలో మొవ్వ చచ్చిపోవడం అనేది దీన్నే. ఆమె ఆ రోజు నుంచి అలాంటి మొక్కల్ని విడిగా ఒక పక్కన పెట్టి ఉంచుతోంది. నేను గంట వెతికితే దొరికేది ఆమెకు కోస్తూ కోస్తూనే కంటికి ఆనుతుంది. ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన మంచి నమూనాల్లో ఎక్కువ భాగం ఆమె చేతిమీదుగా వచ్చినవే.

చూసే పద్ధతి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. పూత రాని జమ్ముకు నిజానికి గట్టి కాండం ఉండదు. ఆకుల అడుగుభాగాలు ఒకదాన్నొకటి చుట్టుకుని కాండంలా నిలబడతాయి. ఆ పొరల్లో నిండా గాలి గదులే. నీళ్ళలో మునిగిన దుంపకూ వేర్లకూ ఊపిరి వాటిగుండానే అందుతుంది. కత్తితో అడ్డంగా కోస్తే లోపలి పురుగు కూడా తెగుతుంది. అందుకని పైపొర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వేలితో ఒలుచుకుంటూ పోవాలి. మొదట పైపొర మీద చిన్న రంధ్రం కనబడుతుంది. దాని అంచున తడి రంపపు పొట్టులాంటి పిప్పి అంటుకుని ఉంటుంది. పిప్పి లేత రంగులో, తడిగా ఉంటే పురుగు ఇంకా లోపలుంది. గోధుమరంగులోకి తిరిగి పొడిపొడిగా రాలుతుంటే వెళ్ళిపోయింది, లేదా చచ్చిపోయింది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది.

రబ్బరు చేతొడుగులు తప్పనిసరి. అది మురుగు కలిసిన నీళ్ళు. కుప్ప అడుగున నీరుకట్టె పాములు చల్లదనానికి చేరతాయి కాబట్టి ముందు కర్రతో కదిలించాలి.

జూన్, మూడో వారం

దొరికాయి.

ఒలిచిన మూడు నాలుగు పొరల తర్వాత, మొవ్వకు ఆనుకుని ఉన్న సొరంగంలో లద్దె. వీపంతా ఊదా కలిసిన గులాబీ రంగు, పొట్ట కింద తెలుపు, తల ఎర్రటి గోధుమరంగు. ఒంటి మీద చారలు లేవు, చుక్కలు లేవు. వెలుతురు పడగానే వెనక్కి పాక్కుంటూ పిప్పిలోకి దూరిపోయింది. దాన్ని అలా చూడటం కోసమే ఇన్ని రోజులూ కుప్పల పక్కన కూర్చున్నాను. చేతులు వణికాయి, ఫొటో సరిగ్గా రావడానికి చాలాసేపు పట్టింది.

చారలూ చుక్కలూ లేకపోవడం ముఖ్యమైన గుర్తు. జొన్న, మొక్కజొన్నల్లో తొలిచే కైలో పార్టెల్లస్ లద్దెకు వీపు మీద గీతలు, ముదురు మచ్చలు ఉంటాయి. వరిలో పసుపురంగు కాండం తొలుచు పురుగు, అంటే స్కిర్పోఫాగా ఇన్సెర్టులాస్ లద్దె, పాలిపోయిన తెలుపులో ఉంటుంది. నాకు దొరికినదానికి ఈ రెండూ సరిపోవు. గులాబీరంగు అనగానే రాగి, వరి, చెరకు పండించే ఎవరికైనా గుర్తొచ్చే పేరు సెసేమియా ఇన్‌ఫెరెన్స్, మనవాళ్ళు గులాబీరంగు కాండం తొలుచు పురుగు అని పిలిచేది.

రంగు ఒక్కటే నమ్ముకుంటే చాలదు. ఇంకో పరీక్ష ఉంది. లద్దెకు ఛాతీ దగ్గరి అసలు కాళ్ళు కాక పొట్ట కింద మెత్తటి కాళ్ళు ఉంటాయి, వాటి అడుగున సన్నటి కొక్కేలు. కైలో, స్కిర్పోఫాగా కుటుంబంలో ఆ కొక్కేలు పూర్తి వలయంలా చుట్టూ ఉంటాయి. సెసేమియా చేరిన నాక్టుయిడే కుటుంబంలో ఒక పక్కనే నెలవంకలా ఉంటాయి. లద్దెను గాజు పలక మీద నడిపించి, కింది నుంచి చేతి భూతద్దంతో చూశాను. నెలవంకే. ఫోన్‌కు తగిలించే చిన్న మాక్రో లెన్సుతో తీసిన ఫొటోలోనూ స్పష్టంగా పడింది.

అదే జమ్ములో ఇంకెవరున్నారో కూడా రాసుకున్నాను. పాత సొరంగాల్లో చీమలు గుడ్లు దాచుకున్నాయి. ఆకు మడతల్లో సాలీళ్ళు పట్టు సంచుల్లో పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నాయి. పురుగు తిని వదిలేసిన సొరంగం వృథా పోవడం లేదు. దాని వెనకే అద్దెకు దిగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

జూన్ చివర

పెంపకం సంగతులు. గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, మూత మధ్యలో కోసి దోమతెర గుడ్డ అంటించాను. అడుగున మడిచిన టిష్యూ. ఒక్కో డబ్బాలో ఒక్క లద్దె మాత్రమే. ఇరుకైన చోట రెండు కలిస్తే ఒకదాన్నొకటి కొరుక్కునే ప్రమాదం ఉంది, పైగా ఏది ఎప్పుడు కుబుసం విడిచిందో లెక్క తెలియదు.

జమ్ము ముక్కల్ని జానెడు పొడవున కోసి, రెండు చివర్లా కొవ్వొత్తి మైనం కరిగించి ముంచాను. అలా చేస్తే తేమ తొందరగా ఆరిపోదు. ముక్కకు పెన్సిలంత రంధ్రం పెట్టి లద్దెను దాని దగ్గర వదిలితే ఎక్కువసేపు ఆలోచించదు, లోపలికి దూరిపోతుంది. కాసేపటికే రంధ్రం నోట పిప్పి వచ్చి పడుతుంది. అదొక్కటే బయటికి కనిపించే సమాచారం. రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు పిప్పి చూడటం అలవాటైపోయింది.

అసలు టెన్షన్ బూజుతో. బెంగళూరు వానాకాలంలో ఇల్లంతా చెమ్మ, డబ్బాలో ఇంకా ఎక్కువ. తడి పిప్పి మీద రాత్రికి రాత్రి తెల్లటి బూజు పాకుతుంది. టిష్యూ రోజూ మార్చడం, డబ్బాల్ని కిటికీ పక్కన ఎండ తగలకుండా గాలి ఆడేచోట పెట్టడం, పాతబడ్డ ముక్కను పురుగు ఉందని వదిలెయ్యకుండా ఒలిచి కొత్తదానికి మార్చడం, ఇవి తప్ప వేరే మందు లేదు.

కోత ఆగిన వారంలో తాజా జమ్ము దొరకలేదు. అప్పుడు బేబీ కార్న్ పెట్టాను. సెసేమియాకు మొక్కజొన్న కూడా తిండే, ల్యాబుల్లో దాన్ని పెంచేవాళ్ళు మొక్కజొన్న వాడతారు. మా లద్దెలు ఏ పేచీ పెట్టకుండా తిన్నాయి. జమ్ము మాత్రమే తినే పురుగైతే ఇలా మారదు కాబట్టి, ఇదీ ఒక ఆధారం కింద రాసుకున్నాను. నోనాగ్రియా లాగా జమ్మునే నమ్ముకున్న పురుగు కాదు ఇది. గడ్డిలోనూ గడ్డిలాంటి మొక్కల్లోనూ లావు కాడ ఉన్నది ఏది దొరికినా సర్దుకుపోయే రకం.

జులై, మొదటి వారం

నాన్నతో ఫోన్లో మాట్లాడాను. మాది కొల్లేరు అంచున ఊరు. నాన్నకు జమ్మంటే కలుపు కాదు, ఇంటి కప్పు, చాప. పురుగు సంగతి మాత్రం ఆయనకు వరి నుంచే తెలుసు.

"ఏమ్మా, పురుగుల్ని పెంచుతున్నావా? మేం చంపడానికి చచ్చేవాళ్ళం."

"జమ్ములో ఉండేవి నాన్నా. ఇక్కడ చుట్టుపక్కల వరి లేదు."

"వరి లేకపోతే సరే. గట్టు పక్కన జమ్ము ఉంటే పురుగు చేలోకి దిగుద్దని మా నాన్న అనేవాడు. నారు పీకాక కొనలు తుంచి నాటమనేవాడు. ఎందుకో తెల్సా?"

తెలుసు, కానీ ఆయన నోటితో వినాలనిపించి తెలియనట్టే అడిగాను. పసుపురంగు కాండం తొలుచు పురుగు తల్లి, ఆకు కొస దగ్గర గుడ్లు పెట్టి, వాటిమీద తన ఒంటి చివరి నూగు కప్పుతుంది. నారు కొసలు తుంచి పారేస్తే గుడ్ల సముదాయాలు నారుమడి దగ్గరే పోతాయి. ఆ పిల్ల లద్దెలు మహా గట్టివి. పుట్టగానే కొన్ని పట్టుదారం వదిలి గాలికి ఊగుతూ పక్క దుబ్బుకు పోతాయి, కొన్ని ఆకు ముక్కను గొట్టంలా చుట్టుకుని నీళ్ళ మీద తేలుతూ పోతాయి. ఆ తర్వాత ఒక్కో పిలకలో ఒక్కోటి దూరుతుంది. పిలక దశలో మొవ్వ చస్తుంది, ఈనిక దశలో కొరికితే తెల్ల కంకి వస్తుంది. నాన్న తెల్ల కంకులు చూసిన ఏళ్ళను ఇప్పటికీ పేరుపేరునా చెబుతాడు.

సెసేమియా తల్లి తీరు వేరు. అది కాండాన్ని చుట్టుకునే ఆకు తొడుగుకూ కాండానికీ మధ్య సందులో వరసగా గుడ్లు పెడుతుంది, పైన నూగు కప్పదు. కొసలు తుంచితే పోయేవి కావు ఇవి. జమ్ములో ఆ సందులు మొక్క పొడుగునా ఉంటాయి కాబట్టి తల్లికి చోటుకు కొదవ లేదు.

నాన్న మాట నన్ను వదల్లేదు. జమ్ము చేలోకి పురుగును పంపే ఇల్లు అయితే, దాన్ని ఉంచమని నేను ఎలా అడగాలి? ఈ ప్రశ్నకు నాకు సగం జవాబు ఆ వారాంతంలోనే డబ్బాలోంచి వచ్చింది.

అదే వారం, ఆదివారం

ఒక డబ్బాలో రెండు రోజులుగా కొత్త పిప్పి రాలేదు. కుబుసం విడిచే ముందు ఇలా తిండి మానేస్తాయి కాబట్టి కదపకుండా వదిలాను. ఈ పొద్దున ఒలిచి చూస్తే లద్దె బతికే ఉంది, కానీ మందకొడిగా, వాడిపోయి ఉంది. దాని ఒంటి పక్కల నుంచి చిన్న చిన్న తెల్లటి పురుగులు చర్మం చీల్చుకుని బయటికొస్తున్నాయి. ఒకటి కాదు, గుంపు. వచ్చినవి వచ్చినట్టే పక్కన చేరి ఒక్కోటీ తనచుట్టూ పట్టు అల్లుకోవడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నానికి బియ్యపు నూకలంత తెల్లటి గూళ్ళ ముద్ద తయారైంది. సాయంత్రానికి లద్దె చచ్చిపోయింది.

ముద్దను గాజు సీసాలోకి మార్చి గుడ్డ కట్టాను. వారం తిరిగేసరికి సీసా నిండా నల్లటి చిట్టి కందిరీగలు, ఒక్కోటి మూడు మిల్లీమీటర్లుంటుందేమో. ఫొటోలు చూసిన కీటక శాస్త్రవేత్త ఒకరు కొటీసియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అని చెప్పారు.

దీని గురించి ఎంత చదివితే అంత ఆశ్చర్యం. ఈ ప్రజాతిలో బాగా పేరున్నది కొటీసియా ఫ్లేవిపెస్. అది ఆసియా ఖండపు కందిరీగ. తల్లి కందిరీగ కాండం బయట నిలబడి పొడవదు. పిప్పి వాసన పట్టుకుని ఆ రంధ్రంలోంచే సొరంగంలోకి నడుచుకుంటూ వెళ్ళి, లోపల లద్దెను కుట్టి గుడ్లు పెడుతుంది. లద్దె ఊరుకోదు, తిరగబడి కొరుకుతుంది, ఎన్నో తల్లులు ఆ ఇరుకులోనే చచ్చిపోతాయి. అయినా లోపలికి వెళ్తాయి. ఆసియా నుంచి ఆఫ్రికా చేరి జొన్న, మొక్కజొన్నల్ని పాడుచేస్తున్న కైలో పార్టెల్లస్ మీదికి, 1993లో కెన్యాలో పనిగట్టుకుని వదిలింది ఈ కందిరీగనే. దాన్ని పాకిస్తాన్ నుంచి తెప్పించారు. బ్రెజిల్ చెరకు తోటల్లో 1970ల నుంచీ వేరే రకం కాండం తొలిచే పురుగు మీద దీన్ని వాడుతున్నారు. అంత దూరాలకు తీసుకెళ్ళి పెంచి వదిలే కందిరీగకు దగ్గరి చుట్టం మన చెరువు జమ్ములో ఎవరూ పెంచకుండానే పుడుతోంది.

నాన్నకు ఈ కబురు చెప్పాను. "అయితే చంపేది కూడా అందులోనే ఉందన్నమాట," అన్నాడు. అవును. జమ్ము పురుగుకు ఇల్లయితే, దాని శత్రువుకూ అదే ఇల్లు. తిండి పంట కోశాక చేలో మోళ్ళు తప్ప ఏమీ మిగలని నెలల్లో ఈ కందిరీగకు తినడానికి లద్దె ఎక్కడో ఒకచోట ఉండాలి. ఒడ్డంతా ఒకేసారి చదును చేస్తే పురుగుతో పాటు దానికీ చోటు పోతుంది. మళ్ళీ ఏ ఆడపురుగో ఎగిరొచ్చి గుడ్లు పెడితే, దాని పిల్లల వెంట పడే కందిరీగ దగ్గర్లో ఉండదు. నా అభిప్రాయం ఇది, దీన్ని గట్టిగానే పట్టుకుంటాను.

జులై, మూడో వారం

మిగిలిన లద్దెలు ఒక్కొక్కటే ప్యూపా అవుతున్నాయి. కొన్ని ముక్క లోపల, కొన్ని ముక్కకూ డబ్బా గోడకూ మధ్య సందులో. ముదురు గోధుమరంగు, తల వైపు కాస్త ఊదా పొడి చల్లినట్టు.

ప్యూపా కాకముందు లోపలున్న లద్దె చేసే పని ఒకటుంది. బయటికి దారి తొలిచిపెట్టుకుంటుంది. రెక్కలొచ్చాక దానికి నమిలే దవడలుండవు. లద్దెగా ఉన్నప్పుడు దారి చేసుకోకపోతే రెక్కలతో సహా ఆ గదిలోనే చిక్కుకుపోతుంది. తినడం ఆపేసి, ఇంకా రాని ఒంటికి ఎంత వెడల్పు కావాలో అంత రంధ్రం ఇప్పుడే చేసిపెట్టడం చూస్తుంటే మనసు నిండిపోయింది.

మూతల కింద పుల్లలు నిలబెట్టాను. బయటికొచ్చిన పురుగు రెక్కలు కిందికి వేలాడేలా ఎక్కడో ఒకచోట ఎక్కి పట్టుకోవాలి. నున్నటి ప్లాస్టిక్ మీద కాలు ఆనదు, అప్పుడు రెక్కలు ముడుచుకుపోయి ఆరిపోతాయి.

జులై చివరి వారం

ప్రపంచమంతా జులై చివర మాత్ వీక్, అంటే రాత్రిళ్ళు ఎగిరే ఇలాంటి రెక్కల పురుగుల వారం, జరుపుతారు, 2012 నుంచి. మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, ముందు అతినీలలోహిత బల్బు పెట్టాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలందరూ వచ్చారు. దుప్పటి మీద గడ్డి రంగు పురుగులు చాలా వాలాయి గానీ, అవి ఏ మొక్క నుంచి వచ్చాయో దీపం చెప్పదు. అందుకే నాకు డబ్బాల పద్ధతే ఇష్టం. ఏ మొక్క, ఏ పొర, ఏ రంధ్రం అన్నీ తెలిసిన పురుగు అది.

ఆ వారంలోనే మొదటి రెక్కల పురుగు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక చూస్తే పుల్ల మీద తడి రెక్కలతో వేలాడుతోంది. రెక్కల్లోకి రక్తం ఎక్కేకొద్దీ అవి సాగుతూ, మడతలు విడుతూ కిందికి దిగాయి. ఆరాక ఇంటి కప్పులా ఒంటి మీదికి వాల్చుకుంది. ముందు రెక్కలు ఎండు గడ్డి రంగు, మధ్యలో పొడుగునా సన్నటి ముదురు నీడ. వెనక రెక్కలు తెల్లటి పట్టులా. ఛాతీ మీద దట్టమైన నూగు, బొద్దుగా ఉంది. ఎండిన జమ్ము ఆకు మీద పెడితే నేనే రెండుసార్లు వెతుక్కోవలసి వచ్చింది. అందం అంటే రంగులే అనుకునేవాళ్ళు ఒకసారి దీన్ని దగ్గరగా చూడాలి.

పేరు సంగతి. సెసేమియా ప్రజాతి అన్నది లద్దె రంగు, కాళ్ళ కొక్కేలు, రెక్కల తీరు అన్నీ కలిపి చెబుతున్న మాట. ఈ ప్రజాతిలో ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండే జాతులున్నాయి, వాటిని విడదీయాలంటే మైక్రోస్కోపు కింద జననాంగాల నిర్మాణం చూడాలి. ఆఫ్రికాలో సెసేమియా నోనాగ్రియాయిడిస్ అనే చుట్టం కూడా తడి నేలల జమ్ములో కాపురముంటుంది. అందుకని ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవుల్ని నమోదు చేసే వెబ్‌సైట్) పెట్టేటప్పుడు జాతి దాకా పోకుండా ప్రజాతి దగ్గరే ఆపాను. డబ్బాలో సహజంగా చనిపోయిన ఒక పురుగును కాగితపు మడతలో ఆరబెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఏ మొక్కలో అన్న చీటీ జతచేసి, కందిరీగ గురించి చెప్పిన శాస్త్రవేత్తకే ఇచ్చాను. చీటీ లేని పురుగు ఎంత బాగున్నా ఎవరికీ పనికిరాదని ఆయన అన్నారు, నిజం.

మిగతా పురుగుల్ని, కందిరీగల్ని సాయంత్రం చీకటి పడ్డాక తెచ్చినచోటే వదిలాను. అవి అక్కడివే. ఆ లెక్కలో కొత్తగా చేర్చింది ఏమీ లేదు.

ఆగస్టు

ఈ నెల డబ్బాల కంటే మాటలే ఎక్కువ నడిచాయి.

సూపర్‌వైజర్ గారి దగ్గరికి ఫొటోలతో వెళ్ళాను. కూలీ అక్కనూ రమ్మన్నాను, ఎందుకంటే ఎక్కడ ఎంత కోస్తే నీళ్ళు పారతాయో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. నేను అడిగింది జమ్మును అసలు ముట్టొద్దని కాదు. వదిలేస్తే అది పూడిక పెంచి, నీళ్ళొచ్చే దారి మూసి, చెరువు మధ్యదాకా పాకుతుంది. చచ్చిన ఆకు కుళ్ళి, పీల్చుకున్న పోషకాలన్నీ మళ్ళీ నీళ్ళలోకే వదులుతుంది. కొయ్యాలి. కానీ ఒకేసారి మొత్తం కాకుండా పాయలు పాయలుగా. ఇంగ్లండ్ రెల్లు నేలల్లో ఏటా కొంత భాగమే కోసి మిగతాది తర్వాతి ఏళ్ళకు వదిలే పద్ధతి ఉంది. కాండం లోపల బతికే పురుగులకు ఎప్పుడూ ఒక పాత పాయ మిగిలి ఉండాలనేది దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. మన చెరువులో చలికాలపు విరామం లేదు, సెసేమియా ఏడాది పొడుగునా తరం తర్వాత తరం నడిపిస్తుంది. అంటే ఏ నెలలో కోసినా లోపల గుడ్డో, లద్దెనో, ప్యూపానో ఉంటుంది. మంచి నెల చూసి కోద్దాం అనడానికి వీల్లేదు. పాయల పద్ధతి ఒక్కటే దారి.

రెండో కోరిక కుప్ప గురించి. కోసిన జమ్మును ఆ రోజే లారీకెత్తకుండా, కట్టకు అవతలి వాలులో కొన్నాళ్ళు ఉంచితే ప్యూపాలకు బయటికొచ్చే వ్యవధి దొరుకుతుంది. నీటి అంచున మాత్రం ఉంచకూడదు, వాన పడితే కుప్పలోని సారమంతా చెరువులోకే దిగుతుంది.

ఆయన చాలాసేపు ఫొటోలు చూశారు. కొటీసియా గూళ్ళ ఫొటో దగ్గర ఆగి, "ఇది మన చెరువులోదేనా?" అని మళ్ళీ అడిగారు. అక్క కలగజేసుకుంది. "కాలువ నోరు మొత్తం కొయ్యాల్సిందే సార్. ఆ పక్క గుడి వైపు పాయ కొయ్యకపోయినా నీళ్ళకేం అడ్డం రాదు. అక్కడే పిట్టలు కూడా గూళ్ళు కడతాయి." ఆ పాయలో గిజిగాడి జాతి పిట్టలు జమ్ము ఆకుల మధ్యే గూళ్ళు అల్లుతాయి, నిజమే. ఆ మాట నా ఫొటోలన్నిటికంటే బాగా పనిచేసింది.

గుడి వైపు పాయను వచ్చే వేసవి దాకా వదలడానికి ఒప్పుకున్నారు. కుప్పల సంగతి లారీ వచ్చే రోజుల్ని బట్టి చూద్దామన్నారు.

సెప్టెంబరు

కోసిన చోట జమ్ము మళ్ళీ మోకాలెత్తు లేచింది, లేత మొవ్వలతో. వదిలిన పాయ ముదిరి, కొన్నిటికి గోధుమరంగు కంకులు వచ్చాయి. ఇప్పుడు చెయ్యాల్సిన పని పోలిక. రెండు పాయల్లోనూ ఒడ్డు నుంచి చెయ్యి అందే దూరంలో మీటరు చదరపు గడులు గుర్తుపెట్టి, ఒక్కో గడిలో నడిమి ఆకు ఎండిన మొక్కలెన్నో, పచ్చగా ఉన్నవెన్నో నెలకోసారి రాయాలి. మొక్కను పీకాల్సిన పని లేదు, నడిమి ఆకు చూస్తే చాలు. అక్క కూతురు పదో తరగతి, లెక్కలు తను రాస్తానంది. వెదురు పుల్లలకు ఎర్ర రంగు వేసి ఆరబెట్టాం. నోటుబుక్కులో గడులకు నంబర్లు, తేదీకి ఒక గడి, వాన పడిందా లేదా అనే దానికి ఒక గడి గీసుకున్నాం. కోసిన పాయలో లేత మొవ్వలు ఎక్కువ కాబట్టి తల్లి పురుగు ముందు అటే పోతుందని నా అంచనా. అక్క మాత్రం ముదురు పాయలోనే ఎక్కువ ఉంటాయంటోంది, లోపల నీడ, గాలి తగలని సందులు ఉన్నాయని. అక్టోబరు వానలు తగ్గగానే మొదటి లెక్క.